జాకీ పోగొట్టుకున్న కొలత

వంతెన బేరింగులు, అంటే పిల్లర్‌కూ పైనున్న గర్డర్‌కూ (పొడవాటి దూలానికి) మధ్య ఉండే దిండ్లు, మార్చాలంటే గర్డర్లను కొన్ని మిల్లీమీటర్లు పైకి లేపి పట్టుకోవాలి. నాలుగు మూలలా నాలుగు జాకీలు పెట్టి, ఒకే పంపు నుంచి ఆయిల్ ఇస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. ఆయిల్ బరువు తక్కువున్న మూలకే ముందు పోతుంది. అది లేస్తుంది, మిగతావి కదలవు, గర్డర్ మెలితిరిగి కాంక్రీటు పగులుతుంది. అన్ని జాకీల్లో ఒత్తిడి ఒకటే అయినంత మాత్రాన ఎత్తు ఒకటి కాదు.

పాత స్క్రూ జాకీతో ఈ బాధ లేదు. అమెరికాలో షికాగో నగరం పల్లంలో ఉండి మురుగు పారక ఇబ్బంది పడుతుంటే వీధుల ఎత్తు పెంచారు, భవనాలనూ లేపారు. 1860లో లేక్ స్ట్రీట్‌లో ఒక భవనాల వరుస కింద సుమారు 6,000 జాకీలు, 600 మంది మనుషులు. సంకేతం అందగానే అందరూ ఒకే మేర తిప్పాలి. ఒక చుట్టుకు ఎంత లేస్తుందో మరలోనే ఉంది. రోడ్డు ఎత్తు పెరిగి వాన నీళ్లు లోపలికి వస్తున్నాయని మన ఊళ్లలో ఇళ్లు లేపేవాళ్లు చేసేదీ దాదాపు ఇదే.

1795లో ఇంగ్లండ్‌కు చెందిన జోసెఫ్ బ్రామా పేటెంట్ పొందిన హైడ్రాలిక్ ప్రెస్ బలాన్ని ఎన్నో రెట్లు పెంచింది కానీ, ఆ కొలతను పోగొట్టింది. 1849లో వేల్స్‌లో బ్రిటానియా రైలు వంతెన కోసం, రైళ్లు లోపలి నుంచి వెళ్లే భారీ ఇనుప గొట్టాలను ఆ ప్రెస్సులతోనే ఎత్తారు. ఆగస్టులో ఒక ప్రెస్ సిలిండర్ అడుగు భాగం ఊడిపోయింది. గొట్టం కొన్ని అంగుళాలే పడింది. లేచిన కొద్దీ కింద ప్యాకింగ్ (ఖాళీని నింపే దన్ను) పెడుతూ రావాలని ఇంజనీరు రాబర్ట్ స్టీఫెన్‌సన్ పట్టుబట్టి ఉండకపోతే ఏమయ్యేదో! ఆ ప్యాకింగ్ ఈ రోజుకీ పెడుతున్నారు, సెన్సార్లున్నా సరే.

తర్వాత జాకీలన్నీ ఒకే మేర లేచేలా చూసే పనికి కంప్యూటర్లు వచ్చాయి. నార్వే వైపు ఉత్తర సముద్రంలోని ఎకోఫిస్క్ చమురు క్షేత్రంలో సముద్రగర్భం కుంగుతోందని 1984లో బయటపడింది. 1987లో అక్కడి చమురు తీసే ప్లాట్‌ఫారాలను హైడ్రాలిక్ జాకీలతో 6 మీటర్లు లేపారు. వంతెనలతో ఒకదానికొకటి కలిసి ఉన్నవాటిని విడివిడిగా లేపడం కుదరదు, కలిపే లేపాలి.

ఇప్పుడు ప్రతి జాకీ దగ్గరా తీగ సెన్సార్ పెడతారు, తీగ ఎంత బయటికి వచ్చిందో దాన్ని బట్టి ఎత్తు చెబుతుంది. ఆ ఎత్తును బట్టి కంట్రోలర్ ఏ వాల్వ్ తెరవాలో, ఏది ఆపాలో చూసుకుంటుంది. తప్పులు జరిగేది బిగింపులోనే. సెన్సార్‌ను జాకీ కింది చెక్క మీద పెడితే బరువుకు చెక్క అణిగి రీడింగ్ అబద్ధం చెబుతుంది. కదలని పిల్లర్‌కే బిగించాలి. తీగ నిలువుగా కాక 10 డిగ్రీలు వాలి ఉంటే నూటికి ఒకటిన్నర తేడా, అంటే 200 మిల్లీమీటర్లకు 3. జాకీలు బరువును అందుకున్నాకే రీడింగ్‌ను సున్నాకు తేవాలి.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది వైర్లు తారుమారు కావడం. రెండో జాకీ సెన్సార్ మూడో దానికి కలిస్తే కంట్రోలర్ వెనకబడిన మూలను వదిలేసి పక్కదాన్ని లేపుతూ పోతుంది, తేడా పెరుగుతూనే ఉంటుంది. అందుకే పంపు ఆన్ చేసే ముందు ఒకరు కిందికి దిగి ఒక్కో తీగను చేత్తో లాగుతారు. స్క్రీన్ దగ్గరున్నవాడు ఏ అంకె కదిలిందో అరిచి చెబుతాడు.