గొంతు సంగతి ఎవరూ అడగలేదు: ఓరల్ సెక్స్, సుఖవ్యాధుల వెనక కథ

మా ఫ్రెండ్ ఒకడికి తన పార్ట్‌నర్ ఫోన్ చేసి, నాకు గనేరియా అని తేలింది, నువ్వు కూడా చూపించుకో అని చెప్పింది. ఆ మాట చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో, ఆ అమ్మాయికి దణ్ణం పెట్టాలి నిజంగా. వీడు ల్యాబ్‌కి వెళ్ళి యూరిన్ ఇచ్చాడు, బ్లడ్ ఇచ్చాడు, చివర్లో గొంతు తగ్గించి, మా మధ్య జరిగింది ఓరలే అండి, గొంతులోంచి కూడా తీస్తారా అని అడిగాడు. కౌంటర్‌లో అబ్బాయి ఫారం అటూ ఇటూ తిప్పి చూసి "గొంతుకి కరోనా టెస్టే ఉంది సార్" అన్నాడు. ఆ అబ్బాయిని తప్పుపట్టలేం, వాడి ఫారంలో ఆ గడే లేదు. ఆ గడి ఎందుకు లేదో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

మన దేశంలో కండోమ్ జనానికి పరిచయమైందే పిల్లలు పుట్టకుండా ఉండటానికి. 1968లో నిరోధ్ అని గవర్నమెంట్ తెచ్చింది, ఎర్ర త్రికోణం, ఇద్దరు లేక ముగ్గురు చాలు అని గోడల మీద రాతలు, పెద్దవాళ్ళందరికీ గుర్తే. ఓరల్‌తో గర్భం రాదు కాబట్టి ఆ లెక్కలో దానికి చోటే లేదు. తర్వాత 1981లో అమెరికాలో ఎయిడ్స్ బయటపడింది, 1986లో మన పక్కనే చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్ టీమ్ ఇండియాలో మొదటి హెచ్ఐవీ కేసులు గుర్తించింది, అప్పట్నుంచీ కండోమ్ అంటే ఎయిడ్స్, ఎయిడ్స్ అంటే కండోమ్. ఇక్కడే "ఓరల్ సేఫే" అన్న మాట పుట్టింది, అది హెచ్ఐవీ వరకూ దాదాపు నిజమే కూడా. మాడ్రిడ్‌లో హెచ్ఐవీ ఉన్నవాళ్ళ పార్ట్‌నర్స్ 135 మందిని చూశారు, ప్రొటెక్షన్ లేకుండా 19 వేలకు పైగా సార్లు ఓరల్ జరిగినా ఒక్కరికీ ఇన్ఫెక్షన్ రాలేదు, 2002లో పేపర్ వచ్చింది. రిస్క్ సున్నా అనలేం కానీ చాలా చాలా తక్కువ. గొడవేంటంటే జనం ఈ ఒక్క జబ్బు లెక్కని తీసుకెళ్ళి అన్ని జబ్బులకీ పెట్టేశారు.

గనేరియా సంగతి వేరు, సిఫిలిస్ సంగతి వేరు. మనవాళ్ళు పాతకాలంలో సెగ, సవాయి అని పిలిచిన జబ్బులే ఇవి, ఓరల్‌తో బాగానే అంటుకుంటాయి. సిఫిలిస్ పుండు పెదవి మీదో నాలుక మీదో వస్తుంది, నొప్పి ఉండదు, కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది, నోటిపూత అనుకుని వదిలేస్తారు, జబ్బు మాత్రం లోపల నడుస్తూనే ఉంటుంది. పెదవి మీద పొక్కుల హెర్పిస్ కూడా అంతే, అది నోట్లోంచి కిందకి వెళ్ళగలదు, పొక్కు ఉన్నన్నాళ్ళూ ఆగాల్సిందే, పొక్కు లేనప్పుడు కూడా కొంత రిస్క్ ఉంటుంది.

అన్నింటికంటే నన్ను భయపెట్టేది గొంతులో గనేరియా. చాలామందికి ఏ లక్షణమూ ఉండదు, మహా అయితే కాస్త గొంతు గరగర. మన గొంతులో ఎప్పుడూ కాపురం ఉండే బ్యాక్టీరియాలో గనేరియా క్రిమికి దాయాదులు ఉంటాయి, వాటివల్ల మనకేం నష్టం లేదు, కానీ ఎప్పుడో వేరే జబ్బుకి వాడిన మందుల్ని తట్టుకోవడం నేర్చుకున్న ఆ దాయాదుల దగ్గర్నుంచి ఇది జీన్ ముక్కలు అరువు తెచ్చుకుంటుంది. మందులు కూడా గొంతు దాకా సరిగ్గా చేరవు. 2009లో జపాన్‌లోని క్యోటోలో ఒక సెక్స్ వర్కర్ మామూలు చెకప్‌కి వెళితే గొంతు స్వాబ్‌లో దొరికిన క్రిమికి హెచ్041 అని పేరు పెట్టారు, అప్పటికి చివరి ఆయుధంగా ఉన్న సెఫ్‌ట్రియాక్సోన్ ఇంజెక్షన్‌కే లొంగని రకం అది. ఆవిడకి ఏ బాధా లేదు, స్వాబ్ తీయకపోయి ఉంటే ఎవరికీ తెలిసేదే కాదు. 2018లో బ్రిటన్‌లో ఒకాయనకి అదే ఇంజెక్షన్ ఇచ్చాక యూరిన్ టెస్ట్ క్లియర్ అయింది, గొంతులో మాత్రం అలాగే కూర్చుంది, చివరికి వేరే మందు నరం ద్వారా ఎక్కిస్తే తగ్గింది. అంత పెద్ద అమెరికాలో కూడా గొంతు స్వాబ్‌తో గనేరియా, క్లమీడియా అనే ఇంకో సుఖవ్యాధి చూసే జెనెటిక్ టెస్టులకి అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది 2019లోనే, అంతవరకు కొన్ని ల్యాబులు సొంతంగా పరీక్షించి చూసుకుని వాడుకునేవి.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. గవర్నమెంట్ సురక్ష క్లినిక్‌లలో లక్షణాన్ని బట్టి ఒక్కో రంగు మందుల కిట్ ఇస్తారు. చీము కారుతుందా, బూడిదరంగు కిట్, అందులో అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్. ల్యాబులు లేని చోట ఇది లక్షల మందికి పనికొచ్చిన పద్ధతి, దాన్ని నేను తక్కువ చేయను. కానీ లక్షణమే లేని గొంతుకి ఏ రంగు కిట్ ఇస్తారు? పైగా సెఫిక్సిమ్ మాత్ర గొంతులో సరిగ్గా పనిచేయదు.

అసలు రోగి నోరు విప్పి చెబితే కదా. చట్టం కూడా నోరు నొక్కింది. 1860 నాటి ఐపీసీ 377 సెక్షన్ కింద ఓరల్ సెక్స్ కూడా నేరమేనని 1925లో సింధ్ కోర్టు తేల్చింది, ఆడా మగా అని తేడా లేదు. హెచ్ఐవీ మీద పనిచేసే నాజ్ ఫౌండేషన్ అనే సంస్థ 2001లో ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళి చెప్పింది ఇదే, ఈ సెక్షన్ వల్ల జనం భయపడి దాక్కుంటున్నారు, హెచ్ఐవీ పని సాగట్లేదు అని. 2009లో గెలిచారు, 2013లో సుప్రీంకోర్టులో ఓడారు, 2018 సెప్టెంబర్ 6న ఇష్టపడి కలిసే పెద్దవాళ్ళ మధ్య అది నేరం కాదని తేలింది. అంటే మధ్యలో ఆ నాలుగేళ్ళు తప్ప 2018 దాకా డాక్టర్ ముందు నిజం చెప్పడమంటే కాగితం మీద నేరం ఒప్పుకోవడమే, ఇంక ఎవరు చెబుతారు.

హెచ్‌పీవీ అనే వైరస్ కథ మన ఖమ్మం దాకా వచ్చింది. గొంతు వెనక భాగంలో వచ్చే కొన్ని క్యాన్సర్లకీ ఈ వైరస్‌కీ, ఓరల్ సెక్స్‌కీ లింకు ఉందని 2007లో అమెరికాలో గట్టిగా తేలింది. మన దగ్గర నోటి, గొంతు క్యాన్సర్లలో పెద్ద దోషి ఇప్పటికీ పొగాకే, గుట్కా, ఖైనీ, ఉత్తరాంధ్రలో ఆడవాళ్ళు నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ. అయినా టీకా ఉన్న జబ్బుని ఎందుకు వదలాలి. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పాత్ అనే సంస్థ సుమారు 14 వేల మంది ఆడపిల్లలకి ఈ టీకా ప్రాజెక్ట్ పెట్టింది. గిరిజన హాస్టల్ పిల్లలకి తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. జిల్లాలో కొందరు పిల్లలు చనిపోయారు, విచారణలో ఆ చావులకి టీకా కారణం కాదనే తేలింది, కానీ ఆ సంతకాల తప్పు మాత్రం నిజం, 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్ట్ ఆగింది, 2013లో పార్లమెంటరీ కమిటీ తిట్టిపోసింది. అమ్మానాన్నలని అడక్కుండా చేసినందుకు టీకా మీదే నమ్మకం పోయింది, ఏళ్ళు పట్టింది కోలుకోవడానికి. 2022లో మన సీరం కంపెనీ వాళ్ళ హెచ్‌పీవీ టీకా సర్వావాక్‌కి అనుమతి వచ్చింది, మగపిల్లలకి కూడా వేయొచ్చు, ఆ ముక్క చాలా ఇళ్ళలో తెలీదు.

ఇక జబ్బు అంటకుండా పెట్టుకునే అడ్డు సంగతి. ఫ్లేవర్ కండోమ్‌లు మెడికల్ షాపులో కౌంటర్ మీదే ఉంటాయి, అవి ఓరల్ కోసమే, మనవాళ్ళు సరదా వస్తువు అనుకుంటారు. ఆడవాళ్ళకి చేసేటప్పుడు వాడే డెంటల్ డ్యామ్ 1864లో న్యూయార్క్‌లో ఒక పళ్ళ డాక్టర్ కనిపెట్టిన రబ్బరు గుడ్డే, ఎయిడ్స్ రోజుల్లో దాన్ని ఇటు వాడమని చెప్పడం మొదలెట్టారు. మన ఊళ్ళలో అడిగితే దొరకడం కష్టం, కండోమ్ కొస కత్తిరించి, పొడుగునా చీరి పరిస్తే అదే పని చేస్తుంది. కొబ్బరినూనె మాత్రం తగలకూడదు, నూనెకి కండోమ్ రబ్బరు (లేటెక్స్) చిరిగిపోతుంది. చిగుళ్ళలో రక్తం, నోట్లో పుండు ఉన్నప్పుడు వద్దు, అప్పుడే బ్రష్ చేసి కూడా వద్దు.

మా వాడు రెండు ల్యాబులు తిరిగి, చివరికి ఒక పెద్ద హాస్పిటల్‌లో స్కిన్ డాక్టర్‌ని పట్టుకున్నాడు. ఆయన ఏ వంకర మొహమూ పెట్టకుండా, ఎక్కడెక్కడ కాంటాక్ట్ జరిగింది అని మామూలు జ్వరం గురించి అడిగినట్టు అడిగి, చీటీ మీద గొంతు స్వాబ్ అని రాశారు. యూరిన్ నెగెటివ్, గొంతు పాజిటివ్. ఇంజెక్షన్ చేసి, పధ్నాలుగో రోజున మళ్ళీ వచ్చి స్వాబ్ ఇవ్వమన్నారు. ఇచ్చాడు. అది నెగెటివ్ వచ్చిన రోజు ముందు ఆ అమ్మాయికే ఫోన్ చేసి, నువ్వు కూడా గొంతు చూపించుకున్నావా అని అడిగాడు, లేదంది, నన్ను ఎవరూ అడగలేదు అంది.