బిగిస్తే పగిలే పైపు

రాజాం నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది: "మాజ్దా కారు రోటరీ ఇంజిన్‌ని సొంతంగా కట్టుకునే చిన్న విమానాల్లో వాడతారు కదండీ. వాటి ఎగ్జాస్ట్ పైపులు తరచూ పగులుతాయని చదివాను. మందం పైపు తీసుకుని, క్లాంపులు ఎక్కువ వేసి గట్టిగా బిగిస్తే సరిపోదా?"

సరిపోదు. ఆ బిగింపే పైపును చీలుస్తుంది.

రోటర్, అంటే పిస్టన్ బదులు ఈ ఇంజిన్‌లో ఉండే మూడు మూలల దిమ్మ, ఎలా తిరుగుతుందో ఇక్కడ చెప్పను. ఆ బొమ్మ పాఠ్యపుస్తకాల్లో ఉంది. పోర్టు, అంటే కాలిన వాయువు బయటికి పోయే రంధ్రం, దాటాక వాయువు ఏమవుతుందో చెప్పాల్సిన చోట మాత్రం ఒక బాణం గుర్తు గీసి వదిలేస్తారు. పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పే మాస్టార్లు ఆ బాణం దగ్గర ఒక్క పీరియడ్ ఆగితే ఎంత బాగుంటుందో! ఈ ఇంజిన్ మనకు కొత్తదీ కాదు. 2009లో కోలార్‌లో నిశాంత్ మానవరహిత విమానం మన దేశంలో తయారైన వాంకెల్ (రోటరీకి ఇంకో పేరు) ఇంజిన్‌తోనే ఎగిరింది.

మాజ్దా 13బి ఇంజిన్‌కి రెండు రోటర్లు, ఒక్కోటి 654 సీసీ. ఎగ్జాస్ట్ వాల్వు ఉండదు. రోటర్ మూల పోర్టు అంచు దాటగానే దారి ఒక్కసారిగా తెరుచుకుంటుంది. మండే గది పొడవుగా, పల్చగా ఉండటం వల్ల మంట ఆ చివరికి చేరేలోపే పోర్టు వచ్చేస్తుంది. అందుకే వాయువు ఇంకా మండుతూనే పైపులోకి దూకుతుంది. మామూలు పిస్టన్ విమాన ఇంజిన్ ఎగ్జాస్ట్ 750–800 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే, దీనిది పూర్తి పవర్‌లో 900 దాటుతుంది. పైగా షాఫ్టు నిమిషానికి 6000 చుట్లు తిరిగితే సెకనుకు 200 దెబ్బలు. ఆ పైపును మండే గదికి చివరి అంకణం అనుకుని కట్టాలి.

ఇప్పుడు బిగింపు సంగతి. విజయనగరం నుంచి శ్రీకాకుళం రోడ్డు స్టేషను వైపు వెళ్ళే రైలు పట్టాలు చూడండి. ఒకప్పుడు పట్టాకీ పట్టాకీ మధ్య ఖాళీ వదిలేవారు. ఇప్పుడు పొడవునా వెల్డింగ్ చేసి స్లీపర్లకు కదలకుండా పట్టేస్తున్నారు. మరి మండుటెండలో పట్టా ఎందుకు చెడదు? లెక్క వేద్దాం. పట్టా 40 డిగ్రీలు వేడెక్కితే మీటరుకు అర మిల్లీమీటరు కన్నా తక్కువే పెరగాలని చూస్తుంది. అంటే వెయ్యిలో అర పాలు. ఉక్కు వెయ్యిలో రెండు పాళ్ళ వరకూ స్ప్రింగులా ఓర్చుకుంటుంది. కాబట్టి పెరగనివ్వకుండా పట్టి ఉంచినా సాయంత్రానికి పట్టా మునుపటిలాగే ఉంటుంది.

స్టెయిన్‌లెస్ పైపు 800 డిగ్రీలు వేడెక్కితే మీటరుకు సుమారు 15 మిల్లీమీటర్లు పెరగాలంటుంది. వెయ్యిలో పదిహేను పాళ్ళు, పట్టా కన్నా ముప్ఫై రెట్లు! ఆ వేడిలో స్టెయిన్‌లెస్ వెయ్యిలో ఒక పాలు కూడా ఓర్చుకోలేదు. రెండు చివరలూ బిగించి ఉంటే పైపు తనలోకి తాను నొక్కుకుని శాశ్వతంగా పొట్టిదవుతుంది. ఇంజిన్ ఆపాక చల్లారుతూ కుంచించుకోబోతే బోల్టులు వదలవు. ఈసారి లాగుడు. వంపు లోపలి అంచునో, వెల్డు పక్కనో వెంట్రుకంత గీత పడుతుంది. ప్రతి ప్రయాణానికీ ఒక నొక్కుడు, ఒక లాగుడు. మందం పెంచితే ఈ బలం ఇంకా పెరిగి, అల్యూమినియం హౌసింగులో ఉన్న స్టడ్డులను మరలతో సహా పీకేస్తుంది.

కనుక పైపుకి కదిలే చోటు ఇవ్వాలి. పోర్టు దగ్గర 8–10 మిల్లీమీటర్ల ఫ్లాంజ్, అంటే పైపును ఇంజిన్‌కి బోల్టులతో పట్టే పలక. దాన్ని పాత హౌసింగుకో, మందపాటి ఇనుప పలకకో బిగించి ఉంచే వెల్డ్ చేయాలి, లేకపోతే వంకర తిరిగి గ్యాస్కెట్టు ఊదేస్తుంది. ఒక్కో పోర్టు నుంచి రెండంగుళాల పైపు, గోడ 1.6 మిల్లీమీటర్లు. పైపులు కలిసే చోటుకి ముందు ఒక్కోదానికి ఒక స్లిప్ జాయింటు, అంటే ఒక పైపు ఇంకోదానిలో జారే అతుకు. ఇంజిన్ వైపు పైపు లోపల, సైలెన్సర్ వైపుది బయట ఉండాలి. తిరగేస్తే వాయువు అంచుకి కొట్టుకుని బయటికి చిమ్ముతుంది. 40–50 మిల్లీమీటర్లు ఒకదానిలో ఒకటి దిగాలి. స్టార్ట్ చేసిన కొత్తలో లోపలి పైపు 300 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకుంటే, 50 మిల్లీమీటర్ల వ్యాసం 0.28 పెరుగుతుంది. అందుకే 0.4 మిల్లీమీటర్ల సందు. పైపులు ఒకదానికొకటి పట్టేయకుండా నికెల్ కలిసిన యాంటీ సీజ్ పేస్టు పూయాలి. పట్టేసిన స్లిప్ జాయింటుకీ వెల్డింగుకీ తేడా లేదు.

సైలెన్సర్‌ను ఇంజిన్‌కే వేలాడదీయాలి. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, ఇంజిన్‌కీ కాబిన్‌కీ మధ్య ఉండే ఫైర్‌వాల్ గోడ ఊగదు. ఒక కొస ఇటూ ఒక కొస అటూ కడితే స్లిప్ జాయింటు ఉండి కూడా ప్రయోజనం లేదు.

లోహం 304 రకం స్టెయిన్‌లెస్ అయితే చవక, కానీ ఈ వేడికి లోహపు సన్న గింజల (గ్రెయిన్ల) అంచుల్లో క్రోమియం, లోహంలోని కార్బన్‌తో కలిసి కార్బైడుగా మారిపోయి లోహం బలహీనపడుతుంది. గరివిడి ఫెర్రో ఎల్లాయిస్ (ఉక్కులో కలిపే మిశ్రమ లోహాల ఫ్యాక్టరీ) కొలుములు ఎరిగిన మన విజయనగరం జిల్లావాళ్ళకు స్టెయిన్‌లెస్‌లో క్రోమియం విలువ చెప్పనక్కర్లేదు. 321 రకంలో ఉండే టైటానియం ఆ కార్బన్‌ను ముందే పట్టేసుకుంటుంది. టిగ్ వెల్డింగ్ ఆర్కులో టైటానియం మండిపోతుంది కాబట్టి 321కి 347 రకం ఫిల్లర్ రాడ్డు (అతుకులో కరిగించి పోసే కడ్డీ) వాడతారు. పైపు లోపల కూడా ఆర్గాన్ నింపాలి. నింపకపోతే వెల్డు వెనక వైపు నల్లగా పంచదార పలుకుల్లా పొంగుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. డబ్బుంటే పోర్టు దగ్గరి మొదటి ముక్కకి ఇన్‌కొనెల్ 625 అనే వేడిని ఓర్చే నికెల్ మిశ్రమం పెట్టండి. మాజ్దా ఆర్‌ఎక్స్-8 కారులోని రెనెసిస్ రోటరీ ఇంజిన్‌లో అయితే మధ్య పోర్టుకి. రెండు రోటర్ల వాయువూ దాన్లోంచే పోతుంది కనుక అన్నిటికన్నా అదే ఎక్కువ కాలుతుంది.

ఎగ్జాస్ట్ మీద పెన్సిల్‌తో గీయకూడదని విమాన మెకానిక్కులు పట్టుబడతారు. కొత్తవాళ్ళు దీన్ని బండికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టడం లాంటి నమ్మకం అనుకుంటారు. కాదు. పెన్సిల్ గీత కార్బన్. వేడిలో లోహం దాన్ని పీల్చుకుని ఆ గీత వెంటే పెళుసవుతుంది. జింకు పూసిన బోల్టు, జీఐ తీగ తగిలినా ముప్పే: ఆ జింకు 420 డిగ్రీలకే కరిగి గింజల మధ్యకు దూరుతుంది. భోగాపురం, కళింగపట్నం లాంటి తీరంలో ఉప్పుగాలి పైపు మీద పేరుకుంటుంది, మంచినీళ్ళతో కడగాలి. పైపు చుట్టూ గుడ్డ పట్టీ చుట్టొద్దు. వేడినీ తేమనీ పట్టి ఉంచి పగులును దాచేస్తుంది.

కారు సైలెన్సర్ పనికొస్తుందా అంటే రాదు. లోపలి గ్లాస్ ఊలు కరిగి ఊడిపోతుంది. స్పాట్ వెల్డ్ చేసిన పల్చటి అడ్డురేకులు సెకనుకు 200 దెబ్బలకు ఊడి, సరిగ్గా టేకాఫ్‌లో బయటి దారికి అడ్డం పడి పవర్ చంపేస్తాయి. రెండు మిల్లీమీటర్లకు తగ్గని చిల్లుల గొట్టం, చుట్టూ పూర్తిగా వెల్డ్ చేసిన రేకులు వేయాలి. బయటి దారి దగ్గర లోపల ఒక అడ్డకడ్డీ ఉంటే ముక్క ఊడినా దారి పూర్తిగా మూసుకుపోదు.

ప్రతి 25 గంటలకు ఒకసారి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, వాక్యూమ్ క్లీనర్ ఊదే వైపు గొట్టాన్ని ఎగ్జాస్ట్ కొసకి పెట్టి వెల్డుల మీద సబ్బునీళ్ళు రాయండి. స్లిప్ జాయింటు దగ్గర కొద్దిగా బుడగలొస్తే ఫర్వాలేదు. వెల్డు మీద ఒక్క బుడగ వచ్చినా, బూడిద రంగు చార కనిపించినా ఆ ముక్క విప్పాల్సిందే. కాబిన్ హీటర్ ఈ సైలెన్సర్ చుట్టూ తిరిగిన గాలిని వాడుతుంటే, పైలట్ ఎదుట కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టకుండా ఎగరొద్దు.