ముట్లు ఆగిపోయాక మళ్ళీ కనిపించే రక్తం: గర్భసంచి క్యాన్సర్‌పై అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో స్త్రీల వైద్యురాలిగా పనిచేస్తున్న నా దగ్గరకు గాజువాక, పెందుర్తి వంటి చోట్ల నుంచే కాక విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి, ఒడిశాలోని కొరాపుట్ వైపు నుంచి కూడా పేషెంట్లు వస్తుంటారు. ఊరు ఏదైనా, చదువు ఎంతైనా, ముట్లు ఆగిపోయిన వయసులో మళ్ళీ రక్తం కనిపించి వచ్చినవారిలో ఎక్కువమంది చెప్పే మాట ఒక్కటే: "ఒంట్లో వేడి చేసిందనుకున్నామమ్మా." అలా అనుకుంటూ ఇంట్లో గడిపిన కాలం కొందరి విషయంలో వారాలు, కొందరి విషయంలో ఏడాది పైన. గర్భసంచి లోపలి పొరలో పుట్టే ఎండోమెట్రియల్ క్యాన్సర్ విషయంలో మన స్త్రీలకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే కాబట్టి ముందుగా దీని గురించే వివరంగా రాస్తున్నాను.

అపోహ: ముట్లు ఆగాక కనిపించే రక్తం వేడి వల్ల వస్తుంది, లేదా ముట్టు తిరిగి మొదలైనట్లు, నొప్పి లేదు కాబట్టి భయం లేదు.

వరుసగా 12 నెలలు ముట్టు రాకపోతే మెనోపాజ్ వచ్చినట్లు లెక్క. మన దేశంలో ఇది సగటున 46, 47 ఏళ్ళకు వస్తుంది. ఆ గడువు దాటిన తర్వాత కనిపించే రక్తాన్ని ముట్టు అనుకోవడానికి వీలు లేదు. అది ఎర్రటి రక్తమైనా, గోధుమరంగు మరకైనా, లేత గులాబీ రంగు నీరులాంటిదైనా, ఒక్కరోజు కనిపించి పోయినా సరే, కారణం తేల్చుకోవలసిందే. బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు తాగడం వల్ల హాని లేదు గానీ, అవి తాగుతూ ఎదురుచూసే నెలల వల్ల హాని ఉంది. ఈ క్యాన్సర్‌లో రక్తస్రావం కొన్నాళ్ళు కనిపించి, కొన్నాళ్ళు ఆగి, మళ్ళీ రావడం మామూలే, కాబట్టి దానంతటదే ఆగిపోయింది గనుక నయమైపోయిందనుకోవడం కూడా పొరపాటే. ఇక నొప్పి అనేది ఈ జబ్బులో తరచుగా ఆలస్యంగా, అది గర్భసంచిని దాటి విస్తరించిన దశలో వచ్చే లక్షణం. నొప్పి లేదనే ధైర్యంతో ఇంట్లో ఉండిపోయినవారికి తొలి దశ అనే అవకాశమే చేజారిపోతుంది.

భయంతో నిద్రపట్టక ఉన్నవారు రెండు లెక్కలను కలిపి గుర్తుంచుకోవాలి. ఈ క్యాన్సర్ వచ్చినవారిలో దాదాపు 90 శాతం మందిలో రక్తస్రావం కనిపిస్తుంది. అయితే మెనోపాజ్ తర్వాత రక్తం కనిపించిన ప్రతి 100 మందిలో క్యాన్సర్ తేలేది సుమారు 9 మందిలోనే. మిగతావారిలో హార్మోన్లు తగ్గి లోపలి పొర, యోని గోడలు పల్చబడడమో, పాలిప్‌ అనే చిన్న కండో, పొర మందంగా పెరిగే హైపర్‌ప్లేసియానో కారణంగా ఉంటాయి. రక్తం కనిపించిందంటే క్యాన్సరేనని కుంగిపోవలసిన అవసరం లేదు, పరీక్ష వాయిదా వేయడానికి మాత్రం ఏ కారణమూ సరిపోదు.

మందుల షాపులో దొరికే బిళ్ళలు ఈ ఆలస్యాన్ని మరింత పెంచుతున్నాయి. అరవై ఏళ్ళ వయసున్న ఒకావిడ, భీమిలి వైపు నుంచి, కోడలితో కలిసి వచ్చారు. అప్పుడప్పుడు మరక కనిపిస్తున్నా ఎవరికీ చెప్పలేదట. కొడుకుతో చెప్పుకునే విషయం కాదు, కోడలితో చెప్పడానికి మొహమాటం. ఇంతలో సింహాచలంలో చందనోత్సవం వచ్చింది. ఏడాదికి ఒక్కరోజు దొరికే అప్పన్న నిజరూప దర్శనం తప్పిపోతుందేమోనన్న బెంగతో, పూజలకు, పెళ్ళిళ్ళకు ముట్టు వాయిదా వేసుకోవడానికి ఆడవాళ్ళు వాడే బిళ్ళలనే షాపులో అడిగి తెచ్చుకుని వేసుకున్నారు. మరక ఆగింది, దర్శనం అయింది, బిళ్ళలు మానేశాక మళ్ళీ మొదలైంది, మళ్ళీ అవే బిళ్ళలు. చివరకు ఉతకడానికి వేసిన లంగా మీద మరక చూసిన కోడలే పట్టుబట్టి తీసుకొచ్చింది. ఆవిడ నా బల్ల మీద పెట్టిన కాగితం పొట్లంలో సగం వాడిన నోరెథిస్టెరోన్ బిళ్ళల షీటు ఉంది. ఆ బిళ్ళలు రక్తాన్ని తాత్కాలికంగా ఆపగలవు, కానీ రక్తం ఎందుకు వస్తోందో చెప్పలేవు. ఆవిడ భక్తిని గానీ సంకోచాన్ని గానీ నేను తప్పుపట్టను. వయసు అడగకుండా, చీటీ లేకుండా ఆ బిళ్ళలు అమ్మడాన్ని మాత్రం గట్టిగా తప్పుపడతాను. బయాప్సీలో తొలి గ్రేడు, అంటే కణాలు అంత ఉగ్రంగా లేని క్యాన్సర్ అని వచ్చింది, ఆపరేషన్ తర్వాత జబ్బు గర్భసంచిని దాటలేదని తేలింది. అన్ని నెలలు పోయినా దశ మారకపోవడం ఆవిడ అదృష్టం, అందరికీ అలా జరగదు.

కారణం తేల్చే పద్ధతి కష్టమైనదేమీ కాదు. యోని మార్గంలో చేసే లోపలి స్కానింగ్‌లో పొర మందం 4 మిల్లీమీటర్లు, అంతకన్నా తక్కువ ఉంటే క్యాన్సర్ ఉండే అవకాశం చాలా స్వల్పం. అంతకు మించితే పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలి. సన్నని గొట్టంతో ఓపీలోనే ముక్క తీయవచ్చు. అది వీలుకాకపోయినా, చాలకపోయినా హిస్టరోస్కోపీతో, అంటే సన్నని కెమెరా గొట్టంతో లోపల చూస్తూ తీస్తారు. పొర పల్చగా ఉందని స్కానింగ్ చెప్పినా రక్తం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంటే బయాప్సీ చేయవలసిందే, ఎందుకంటే కొన్ని ఉగ్రమైన రకాలు పల్చటి పొరలో కూడా పుడతాయి. ఈ 4 మిల్లీమీటర్ల లెక్క మెనోపాజ్ దాటి రక్తం కనిపించినవారికి మాత్రమే వర్తిస్తుంది. నెలనెలా ముట్టు వచ్చే స్త్రీలో పొర మందం రోజులను బట్టి మారుతుంది కనుక, ముప్ఫై ఐదేళ్ళ అమ్మాయి రిపోర్టులో 10 మిల్లీమీటర్లు అని చూసి ఇంటిల్లిపాదీ కంగారు పడడంలో అర్థం లేదు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న ప్రచారానికి ఆధారం లేదు. బయాప్సీ లేకుండా ఈ జబ్బును నిర్ధారించలేము.

అపోహ: ముందుజాగ్రత్తగా గర్భసంచి తీయించేసుకుంటే మంచిది.

ఈ మాట వల్ల జరుగుతున్న నష్టం తక్కువేమీ కాదు. తెల్లబట్ట అవుతోందనో, గర్భసంచికి పుండు పడిందనో, వదిలేస్తే క్యాన్సర్ అవుతుందనో చెప్పగా విని, ఇద్దరు పిల్లలు పుట్టేశారు కదా అని ముప్ఫైల్లోనే ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలు మన రాష్ట్రంలో చాలామంది ఉన్నారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు దేశంలోకెల్లా ఎక్కువగా కనిపించింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. తెల్లబట్ట క్యాన్సర్‌గా మారదు, ఫైబ్రాయిడ్లు ఎండోమెట్రియల్ క్యాన్సర్‌గా మారవు. అండాశయాలను కూడా చిన్న వయసులో తీసేస్తే ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరగడం వంటివి తర్వాతి దశాబ్దాలంతా వెంటాడతాయి. ముప్ఫై ఏళ్ళ వయసులో లేని క్యాన్సర్‌కు భయపడి ఆపరేషన్‌కు సిద్ధపడేవాళ్ళ ఇంట్లోనే, అరవై ఏళ్ళ అత్తగారి రక్తస్రావాన్ని వేడి అని సర్దిచెప్పుకోవడం చూసినప్పుడు నాకు చాలా బాధ కలుగుతుంది.

ముప్పు ఎవరికి ఎక్కువ అన్నది తెలిస్తే ఈ భయాలు సరైన చోట నిలుస్తాయి. ప్రొజెస్టెరాన్ తోడు లేకుండా ఈస్ట్రోజెన్ ఒక్కటే ఏళ్ళ తరబడి పొరను పెంచుతూ పోవడం ఈ క్యాన్సర్‌లో ప్రధాన రకానికి మూలం. మెనోపాజ్ తర్వాత కూడా ఒంట్లోని కొవ్వు ఈస్ట్రోజెన్‌ను తయారుచేస్తూనే ఉంటుంది, అందుకే స్థూలకాయంలో ముప్పు రెండు మూడు రెట్లు, ఇంకా ఎక్కువ బరువుంటే అంతకు మించి పెరుగుతుంది. షుగర్, పిల్లలు కలగకపోవడం, ముట్లు బాగా ఆలస్యంగా ఆగడం, పీసీఓడీ అనే హార్మోన్ల సమస్య వల్ల నాలుగైదు నెలలకు ఒకసారి మాత్రమే ముట్టు రావడం కూడా ముప్పును పెంచుతాయి. ముట్టు రాకపోతే హాయిగా ఉంది కదా అని ఊరుకునే పీసీఓడీ అమ్మాయిలకు నేను చెప్పేది, మూడు నెలలు దాటితే డాక్టరును కలవమని. రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ వాడుతున్న మెనోపాజ్ దాటిన స్త్రీలలో కూడా ముప్పు కొంత పెరుగుతుంది, అయినా ఆ బిళ్ళ వల్ల కలిగే మేలు చాలా ఎక్కువ కాబట్టి సొంతంగా మానేయకూడదు, రక్తం కనిపిస్తే వెంటనే చెప్పాలి. తండ్రివైపు గానీ తల్లివైపు గానీ పెద్దపేగు క్యాన్సర్లు, గర్భసంచి క్యాన్సర్లు చిన్న వయసులోనే వచ్చిన కుటుంబాలలో లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య కారణం ఉండవచ్చు, ఆ చరిత్రను డాక్టరుకు తప్పక చెప్పాలి.

మిగిలినవాటిని త్వరగా చెబుతాను. పాప్‌స్మియర్ నార్మల్‌గా ఉంటే గర్భసంచికి ఢోకా లేదనుకోవడం తప్పు. అది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కోసం చేసే పరీక్ష. హెచ్‌పీవీ అనే వైరస్‌కు వేసే టీకా కూడా ముఖద్వార క్యాన్సర్‌నే అడ్డుకుంటుంది, ఆడపిల్లలకు తప్పక వేయించండి, కానీ ఎండోమెట్రియల్ క్యాన్సర్‌కు, ఆ వైరస్‌కు సంబంధం లేదు. గర్భనిరోధక మాత్రలు వాడితే ఈ క్యాన్సర్ వస్తుందన్నది పూర్తిగా తలకిందులైన మాట, నిజానికి అవి దీని ముప్పును తగ్గిస్తాయి. సన్నగా ఉన్నవారికి రాదన్నదీ నిజం కాదు.

ఇక రకాల సంగతి. నాలుగింట మూడు వంతుల పైగా కేసులు ఎండోమెట్రియాయిడ్ రకానికి చెందినవి, వీటిలో ఎక్కువ భాగం నెమ్మదిగా పెరుగుతాయి. సీరస్, క్లియర్ సెల్, కార్సినోసార్కోమా అనేవి తక్కువ మందిలో కనిపించినా త్వరగా విస్తరిస్తాయి, మరణాలలో వాటి వాటా ఎక్కువ. 1983లో బోఖ్‌మన్ అనే వైద్యుడు చేసిన రెండు రకాల విభజననే మేము చాలాకాలం అనుసరించాము. 2013లో జన్యుమార్పుల ఆధారంగా నాలుగు వర్గాలను గుర్తించారు, స్త్రీల వైద్యుల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఫిగో 2023లో చేసిన దశల విభజనలో ఈ జన్యు పరీక్షలకు చోటు దక్కింది. సూక్ష్మదర్శిని కింద ఒకేలా కనిపించే రెండు కణితుల్లో పోల్ అనే జన్యువులో మార్పు ఉన్నదానికి అదనపు చికిత్స అవసరం పడకపోవచ్చు, పీ53 అనే జన్యువు దెబ్బతిన్నదానికి కీమో అవసరం కావచ్చు. అందుకే పక్కింటావిడకు చేసిన చికిత్స మీకెందుకు చేయలేదని బాధపడవద్దు.

చికిత్సలో మొదటిది ఆపరేషన్. ముఖద్వారంతో సహా గర్భసంచిని, రెండు ట్యూబులను, అండాశయాలను తీస్తారు, అవసరాన్ని బట్టి లింఫ్ గ్రంథులను పరీక్షిస్తారు. చిన్న రంధ్రాల గుండా చేసే లాప్రోస్కోపీలో ఆపరేషన్ చేస్తే జబ్బు తిరగబెడుతుందన్న భయం ముఖద్వార క్యాన్సర్ గురించి 2018లో వెలువడిన ఫలితాల నుంచి పుట్టింది. తొలి దశ ఎండోమెట్రియల్ క్యాన్సర్‌లో పొట్ట కోసి చేసినా, లాప్రోస్కోపీలో చేసినా బతికే అవకాశం సమానంగానే ఉంది. గర్భసంచిని లోపల ముక్కలు చేయకుండా, పూర్తిగా బయటకు తీయడం మాత్రం తప్పనిసరి. తొలి దశ, తక్కువ ముప్పు ఉన్నవారిలో చాలామందికి ఇంతటితో చికిత్స పూర్తవుతుంది. మిగతావారికి జనం కరెంటు పెట్టడం అనే రేడియేషన్, కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ మందులతో కీమో అవసరమవుతాయి, ముదిరిన దశలో కొందరికి ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్‌పైకి మళ్ళించే ఇమ్యునోథెరపీ బాగా పనిచేస్తోంది. పిల్లలు కావలసిన చిన్న వయసువారిలో, తొలి గ్రేడు జబ్బు కండరంలోకి దిగకపోతే, ప్రొజెస్టెరాన్ మందులతో గర్భసంచిని కొంతకాలం కాపాడుకోవచ్చు, కానీ మూడు నుంచి ఆరు నెలలకోసారి బయాప్సీకి తప్పక రావాలి.

విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లోను, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోను చికిత్స దొరుకుతుంది, అర్హులకు ప్రభుత్వ ఆరోగ్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుంది. క్యాన్సర్ అంటే ఆస్తులు అమ్ముకుని హైదరాబాదు వెళ్ళాలేమోనని ఇంట్లోనే ఆగిపోకండి. అమెరికా లెక్కల ప్రకారం, జబ్బు గర్భసంచికే పరిమితమై ఉన్నప్పుడు చికిత్స పొందినవారిలో అయిదేళ్ళు దాటి బతికేవారు సుమారు 95 శాతం. దగ్గరి గ్రంథులకు చేరితే సుమారు 70 శాతం. ఊపిరితిత్తుల వంటి దూరపు అవయవాలకు చేరితే 20 శాతం లోపే. జబ్బు తిరగబెట్టడమంటూ ఉంటే ఎక్కువగా మొదటి మూడేళ్ళలోనే జరుగుతుంది. అందుకే ఆ కాలంలో మూడు నుంచి ఆరు నెలలకోసారి చూపించుకోవాలి, ఈ మధ్యలో యోని నుంచి రక్తం కనిపించినా, కాలు వాచినా, తగ్గని దగ్గు వచ్చినా చీటీ మీద రాసిన తేదీ కోసం ఆగకుండా ఆ వారంలోనే రావాలి.