రోజూ సంచిలో ఉండే లెన్సు: ఫాస్టా, స్లోనా? అపోహలు - వాస్తవాలు

చెన్నైలో సాయంత్రం కెమెరాతో బయల్దేరేవాళ్లను ఎక్కువగా తొలిచే ప్రశ్న, ఎఫ్/1.4 లెన్సు కొనాలా, ఎఫ్/2తో సరిపెట్టుకోవాలా అన్నది. ఈ ఎఫ్ అంకె అపర్చరుది, అంటే లెన్సులో వెలుగు దూరే రంధ్రానిది. అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది, వెలుగు ఎక్కువ. ఇక్కడ ఫాస్ట్ అంటే ఎఫ్/1.2, 1.4 లెన్సులు. స్లో అంటే ఎఫ్/2 నుంచి 2.8 దాకా ఉండే చిన్న ప్రైమ్ (జూమ్ లేని) లెన్సులు.

అపోహ: రాత్రిపూట వీధిలో 1.4 లేకపోతే ఫొటో రాదు.

టీ నగర్ రంగనాథన్ వీధిలాంటి చోట దుకాణాల వెలుగు మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. అంత వెలుగులో ఎఫ్/2.8, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సారు స్పందించే స్థాయి) 1600 పెడితే సుమారు 1/250 సెకను షట్టర్ దొరుకుతుంది. నడిచే మనిషి ఫొటోలో నిలవడానికి అది చాలు. 1.4కు తెరిస్తే రెండు స్టాపులు (స్టాపుకు వెలుగు రెట్టింపు), అంటే నాలుగింతల వెలుగు పెరిగి 1/1000 దాకా వెళ్లొచ్చు. కానీ అంత వేగాన్ని అక్కడ వాడుకోవడం కష్టం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, చవక ఎల్ఈడీలు, పాత ట్యూబ్‌లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియని ఆ మిణుకు, షట్టర్ వేగం పెరిగేకొద్దీ ఫొటోలో చారలుగానో, వరుసగా తీసిన ఫొటోల్లో వెలుగు తేడాగానో బయటపడుతుంది. అది పోవాలంటే 1/100కో 1/50కో దిగాలి. 1/100 దగ్గర అదే వీధికి ఎఫ్/2.8, ఐఎస్ఓ 640 సరిపోతాయి. నడిచేవాళ్ల చేతులు, కాళ్లు కాస్త చెదిరినా ముఖం చాలావరకు నిలుస్తుంది. కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. ఇలాంటి చోట ఎలక్ట్రానిక్ షట్టర్ మాత్రం వద్దు, చాలా కెమెరాల్లో చారలు దానితోనే ఎక్కువగా పడతాయి.

కెమెరాతో పాటు వచ్చే కిట్ జూమ్ సంగతి వేరు. పూర్తిగా జూమ్ చేసి 55 ఎంఎం దగ్గర పెడితే అది ఎఫ్/5.6కు పడిపోతుంది. అదే వీధిలో ఐఎస్ఓ 1600కు 1/60 మాత్రమే వస్తుంది, జనం చెదురుతారు. రాత్రిళ్లు ఇబ్బంది పెట్టే స్లో లెన్సు ఇదే, ఎఫ్/2 ప్రైమ్ కాదు.

అపోహ: అపర్చరు ఎంత తెరిస్తే ఫొటో అంత అందం.

50 ఎంఎం లెన్సు, ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సారుండే) కెమెరా, మనిషి ఒకటిన్నర మీటర్ల దూరంలో. ఎఫ్/1.4 దగ్గర స్పష్టంగా ఉండే లోతు దాదాపు 7 సెంటీమీటర్లే. మాట్లాడుతూ మనిషి కాస్త ముందుకు వంగితే చాలు, ఫోకస్ కంటి మీంచి చెవి మీదకు పోతుంది. మధ్య పాయింట్‌తో ఫోకస్ పట్టి ఆ తర్వాత ఫ్రేము జరిపే అలవాటున్నవాళ్లకు ఎక్కువ ఫొటోలు పోయేది ఇక్కడే. 2.8 దగ్గర ఆ లోతు 15 సెంటీమీటర్లకు చేరుతుంది. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరికైతే ఎఫ్/4 కావాలి.

ధనుర్మాసంలో మైలాపూరు మాడవీధుల ముగ్గులనే తీసుకోండి. కూర్చుని ఏటవాలుగా తీస్తే ముగ్గు ముందు అంచు, వెనక అంచు, వెనకాల గుమ్మం అన్నీ కనబడాలి. 35 ఎంఎం లెన్సును ఎఫ్/8కు మూసి మూడు మీటర్ల దగ్గర ఫోకస్ పెడితే 1.9 నుంచి 7.3 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. సూర్యోదయానికి ముందు మసక వెలుగులో ఐఎస్ఓ 3200, 1/60 చుట్టూ మొదలుపెట్టండి. ముగ్గు కదలదు కాబట్టి ఆ షట్టర్ చాలు. 1.4 మోసుకెళ్లినా ఇక్కడ 8కే మూయాలి.

జరీ అంచులు, కొత్త ఇత్తడి సామాను మెరిసే చోట ఇంకో చిక్కు. పూర్తిగా తెరిచినప్పుడు చాలా ఫాస్ట్ లెన్సులు మెరుపు అంచుల్లో ఊదా రంగు తెస్తాయి. రెండు స్టాపులు మూస్తే చాలావరకు పోతుంది.

అపోహ: నాలుగు వందల గ్రాముల తేడాకు ఇంత ఆలోచనా?

నికాన్ జడ్ కెమెరాల లెన్సుల్లో 40 ఎంఎం ఎఫ్/2 బరువు 170 గ్రాములు. 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్ 415, అదే 50 ఎంఎంలో ఎఫ్/1.2 ఎస్ 1,090. ఫుజీ 23 ఎంఎంలో ఎఫ్/2 అయితే 180, కొత్త ఎఫ్/1.4 అయితే 375. అద్దాలకు అంత బరువు ఊరికే రాదు. 50 ఎంఎం ఎఫ్/2.8కు లెన్సు తెరుచుకోవాల్సిన వెడల్పు 18 మిల్లీమీటర్లు, 1.4కు 36. వెడల్పు రెట్టింపైతే గాజు వైశాల్యం నాలుగింతలు. ముందుకు బరువు తూగే లెన్సు మెడలో వేలాడుతుంటే మే నెల ఎండలో గంటకే చిరాకు పుడుతుంది. ఆ తర్వాత కెమెరా సంచిలోనే ఉండిపోతుంది. రోజూ మోయాలనుకునేవాళ్లకు మా సలహా కెమెరా, లెన్సు కలిపి 700 గ్రాములు దాటనివ్వొద్దనే.

అపోహ: స్టెబిలైజేషన్ ఉంటే ఫాస్ట్ లెన్సు అక్కర్లేదు.

అది మీ చేతి వణుకునే ఆపుతుంది. ఎదుటి మనిషి కదలికను ఆపదు.

అపోహ: చిన్న సెన్సారులో ఎఫ్/1.4 పెడితే వెలుగు తగ్గుతుంది.

ఎక్స్‌పోజరు మారదు. ఏపీఎస్-సీలో (ఫుల్ ఫ్రేము కంటే చిన్న సెన్సారు) కూడా షట్టర్, ఐఎస్ఓ లెక్క ఎఫ్/1.4దే. అదే ఫ్రేమింగుకు ఫోకస్ లోతు మాత్రం ఫుల్ ఫ్రేములో ఎఫ్/2.1 పెట్టినట్టు ఉంటుంది.

అపోహ: పగలైతే 1.4ను నిశ్చింతగా తెరిచి వాడుకోవచ్చు.

మెరీనా మధ్యాహ్నపు ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/1.4కు దాదాపు 1/12800 కావాలి. మెకానికల్ షట్టర్ సాధారణంగా 1/4000 లేదా 1/8000తో ఆగిపోతుంది, ఫొటో తెల్లబోతుంది. వెలుగును ఎనిమిదో వంతుకు తగ్గించే ఎన్‌డీ8 ఫిల్టర్ బిగిస్తే 1/1600కు దిగుతుంది. అంటే సంచిలోకి ఇంకో వస్తువు చేరినట్టే.

అపోహ: ఖరీదైన లెన్సుకు ఫంగస్ పట్టదు.

గాజు మీద తేమ నిలిస్తే ఏ లెన్సుకైనా పడుతుంది. ఏసీ మెట్రో నుంచి ఉక్కలోకి దిగగానే చల్లటి గాజు మీద ఆవిరి పడుతుంది. సంచి జిప్పు తీయకుండా ఇరవై నిమిషాలు ఆగండి. ఆ సమయంలో లెన్సు మార్చొద్దు, మారిస్తే తేమ సెన్సారు దాకా పోతుంది. ఇంట్లో గాలి చొరని డబ్బాలో సిలికా జెల్, చిన్న తేమ మీటరు వేసి 40-50 శాతం దగ్గర నిలపండి. తోలు సంచిలో నెలల తరబడి ఉంచొద్దు, తోలు తేమను పట్టి ఉంచుతుంది.

మరి 1.4 నిజంగా అక్కరకొచ్చేది ఎక్కడ? ఒకే బల్బు వెలుగుతున్న గదిలో చిన్నపిల్లలు ఆడుతుంటే. అక్కడ ఎఫ్/2.8, ఐఎస్ఓ 6400కు కూడా దాదాపు 1/125 దాటదు, పరిగెత్తే పిల్లవాడికి అది చాలదు. 1.4తో ఐఎస్ఓ 3200కే 1/250 వస్తుంది. మీ ఫొటోల్లో సగం ఇలాంటివే అయితే బరువు చూడకుండా 1.4 తీసుకోండి. తేల్చుకోలేకపోతే, కిందటి రెండు నెలల్లో ఇష్టపడి దాచుకున్న ఫొటోల అపర్చరు అంకెలు చూడండి, ప్రతి ఫైలులోనూ అవి ఉంటాయి. ఎక్కువ భాగం 2.8, 4, 5.6 అని కనబడితే ఎఫ్/2 లెన్సు కొని, మిగిలిన డబ్బుతో అదనపు బ్యాటరీ ఒకటి తీసుకోండి.