కొనాలని ఉంది, డబ్బు లేదు: టెస్లా గొడవకు మూలం 2019లో

2026 జనవరి 2న అమెరికా విద్యుత్ కార్ల కంపెనీ టెస్లా బయటపెట్టిన అంకెలతో పాత గొడవ మళ్ళీ రాజుకుంది. 2023లో ఆ కంపెనీ 18,08,581 కార్లు అందించింది. 2024లో అది 17,89,226కి తగ్గింది. 2025లో ఇంకా కిందికి, 16,36,129కి దిగింది. పూర్తిగా బ్యాటరీతో నడిచే కార్ల అమ్మకాల్లో చైనా కంపెనీ బీవైడీ దాన్ని దాటేసింది. నిజంగానే గిరాకీ పడిపోయిందా, కంపెనీ అధిపతి ఎలాన్ మస్క్ మదుపరులకు ఉన్నది ఉన్నట్టు చెబుతున్నారా అన్న రెండు ప్రశ్నలూ మళ్ళీ ముందుకొచ్చాయి.

ఈ చర్చ అనంతపురం దాకా రావడానికి కారణాలున్నాయి. ఇక్కడి కుర్రాళ్ళు చాలామంది ఫోన్‌లో యాప్ పెట్టుకుని అమెరికా షేర్లు కొంటున్నారు. నెల జీతంలోంచి రెండు మూడు వేలు తీసి టెస్లా షేరులో చిన్న ముక్క కొనుక్కున్నవాళ్ళు పెనుకొండ దగ్గర కియా విడిభాగాల యూనిట్లలో కూడా కనిపిస్తారు. పైగా 2024 అక్టోబరు చివర్లో మంత్రి నారా లోకేశ్ అమెరికాలో టెస్లా ప్రధాన కార్యాలయం ఉన్న ఆస్టిన్ వెళ్ళి, టెస్లా ముఖ్య ఆర్థిక అధికారి వైభవ్ తనేజాను కలిసి, అనంతపురం ప్రాంతం అనుకూలంగా ఉంటుందని చెప్పి వచ్చారు. అప్పటి నుంచి ‘టెస్లా వస్తుందా’ అన్న మాట ఈ జిల్లాలో ఆగలేదు.

కంపెనీ ఎలా పుట్టింది, మస్క్ అందులోకి ఎలా వచ్చారు అన్నది అందరికీ తెలిసిన కథే. ఇప్పటి వివాదం అర్థం కావాలంటే 2019 మొదటి మూడు నెలలు చూస్తే చాలు.

2018 చివరి త్రైమాసికంలో టెస్లా దాదాపు 91 వేల కార్లు అందించింది. అప్పటికి అదే రికార్డు. విద్యుత్ కారు కొన్నవాళ్ళకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే 7,500 డాలర్ల పన్ను రాయితీ, టెస్లా కార్లకు 2019 జనవరి 1 నుంచి సగానికి తగ్గబోతోంది. అందుకే జనం ముందే ఎగబడ్డారు. మన దగ్గర సబ్సిడీ విత్తనకాయల పంపిణీ రేపటితో ఆఖరు అంటే ముందురోజు రాత్రే క్యూ కడతారు. ఆ క్యూను చూసి ఈ ఏడాది వేరుశనగ సాగు రెట్టింపవుతుందని లెక్కగట్టే రైతు ఎవరూ ఉండరు.

టెస్లా మాత్రం అలాంటి లెక్కే చెప్పింది. జనవరి 30న ఫలితాలు చెప్పే కాన్ఫరెన్స్ కాల్‌లో మస్క్ టెస్లా కార్లలో కాస్త చౌకైన మోడల్ 3కి గిరాకీ విపరీతంగా ఉందన్నారు. అడ్డుపడుతున్నది స్తోమత ఒక్కటేనని, జనానికి ఇష్టం లేక కాదు, చేతిలో డబ్బు లేక కొనలేకపోతున్నారని వివరించారు. ఆ త్రైమాసికంలోనూ, ఆ తర్వాత ప్రతి త్రైమాసికంలోనూ లాభం వస్తుందన్న ఆశ వ్యక్తం చేశారు. యాదృచ్ఛికంగా అదే వారంలో పెనుకొండ దగ్గర ఎర్రమంచి ప్లాంటులో కియా తొలి ట్రయల్ కారు బయటికొచ్చింది.

ఫిబ్రవరి 19 రాత్రి 2019లో టెస్లా దాదాపు 5 లక్షల కార్లు తయారు చేస్తుందని మస్క్ ట్వీట్ చేశారు. కంపెనీ అధికారికంగా చెప్పిన అంచనా 3.6 నుంచి 4 లక్షల కార్ల డెలివరీ. నాలుగు గంటలు దాటాక ఆయనే సవరణ పెట్టారు: ఏడాది చివరికి ఉత్పత్తి వేగం ఆ స్థాయికి చేరుతుందన్నదే తన ఉద్దేశమట, డెలివరీలు 4 లక్షల దగ్గరే ఉంటాయట. అప్పటికి ఐదు నెలల కిందటే, కంపెనీని స్టాక్ మార్కెట్ నుంచి తప్పించి ప్రైవేటు చేస్తానని, నిధులు సిద్ధమని పెట్టిన ట్వీట్ మీద అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ‘సెక్’ ఆయన మీద కేసు వేసింది. రాజీలో భాగంగా ఆయన 2 కోట్ల డాలర్లు, కంపెనీ మరో 2 కోట్ల డాలర్లు కట్టాయి. ఛైర్మన్ పదవి వదులుకోవాల్సి వచ్చింది. కీలకమైన ట్వీట్లకు ముందే అనుమతి తీసుకోవాలన్న షరతు కూడా పడింది. ఆ షరతు ఉండగానే 5 లక్షల ట్వీట్ ఎలా వచ్చిందని సెక్ మళ్ళీ కోర్టుకెళ్ళింది. చివరికి ఏప్రిల్‌లో, ఉత్పత్తి, డెలివరీ అంకెల వంటివి న్యాయవాది చూశాకే బయటికి రావాలని నిబంధన బిగించారు.

ఈలోగా ఫిబ్రవరి 28న 35 వేల డాలర్ల మోడల్ 3 వస్తోందని, చాలా షోరూములు మూసేస్తామని ప్రకటన వచ్చింది. ఆ త్రైమాసికంలో లాభం రాకపోవచ్చని అదే రోజు తెలిసింది. పది రోజుల తర్వాత షోరూముల నిర్ణయాన్ని చాలావరకు వెనక్కి తీసుకున్నారు. త్రైమాసికం ముగిశాక చూస్తే డెలివరీలు 63 వేలు. అంతకుముందు మూడు నెలలతో పోలిస్తే 31 శాతం తక్కువ. నష్టం 70.2 కోట్ల డాలర్లు. గిరాకీ విపరీతంగా ఉందన్న మాటకు మూడు నెలలు కూడా నిండలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం మీద అప్పట్లో పెద్దగా చర్చ జరగలేదు. అడ్వాన్సు కట్టి మోడల్ 3 కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఎందరో 2018 జూలై దాకా టెస్లా చెప్పేది. 2017 ఆగస్టులో 4.55 లక్షలు, 2018 జూన్ చివరికి దాదాపు 4.2 లక్షలు. ఆ తర్వాత ఆ అంకె ఇవ్వడం మానేసింది. గిరాకీ గురించిన తగవు ఒక్క పూటలో తేల్చగల లెక్క అదే. దాన్ని దాచిపెట్టి, గిరాకీకి లోటు లేదని నోటిమాటగా చెబితే నమ్మడం ఎలా?

అభిమానుల వాదన కూడా చెప్పాలి. 2019 జూన్‌లో వాటాదారుల సమావేశంలో మస్క్ గిరాకీ సమస్య లేనే లేదన్నారు. ఆ త్రైమాసికంలో డెలివరీలు 95 వేలు దాటాయి. ఏడాది మొత్తానికి 3.67 లక్షలు, అంటే కంపెనీ అధికారిక అంచనాలోపే. 2020లో షేరు ఎనిమిది రెట్లయింది. పడిపోతుందని పందెం కాసినవాళ్ళు నిండా మునిగారు. ప్రైవేటు చేస్తానన్న ట్వీట్ వల్ల నష్టపోయామని మదుపరులు వేసిన దావాలో కూడా 2023 ఫిబ్రవరిలో జ్యూరీ మస్క్ పక్షానే తీర్పిచ్చింది.

కానీ 2019లో కంపెనీని గట్టెక్కించింది కొత్త మార్కెట్లు. మోడల్ 3 ఆ ఏడాదే యూరప్, చైనాలకు వెళ్ళింది. షాంఘై ఫ్యాక్టరీ ఆ డిసెంబరులో కార్లు అందించడం మొదలుపెట్టింది. అమెరికాలో పడిన గుంతను వేరే దేశాల మట్టితో పూడ్చారు. మదుపరులు మాత్రం మస్క్ మాటే నిజమైందని, అనుమానిస్తే డబ్బు పోతుందని అనుకున్నారు. అక్కడి నుంచి గట్టిగా నిలదీసేవాళ్ళు తగ్గారు. ఇప్పటి పరిస్థితికి బీజం అక్కడే పడిందని నా అభిప్రాయం.

ఆ తర్వాత జరిగింది చాలావరకు అదే వరస. తయారు చేసిన ప్రతి కారూ అమ్ముడుపోతుందని 2022 అక్టోబరులో మస్క్ ధీమాగా చెప్పారు. డిసెంబరులో డిస్కౌంట్లు, జనవరిలో భారీ ధరల కోతలు వచ్చాయి. చౌక కారు ప్రాజెక్టును ఆపేశారని 2024 ఏప్రిల్‌లో వార్తాసంస్థ రాయిటర్స్ రాస్తే అబద్ధమన్నారు. అక్టోబరులో మాత్రం 25 వేల డాలర్ల మామూలు కారు తయారు చేయడంలో అర్థం లేదని ఆయనే అన్నారు. అదే సమావేశంలో 2025లో అమ్మకాలు 20 నుంచి 30 శాతం పెరుగుతాయని అంచనా చెప్పారు. చివరికి 8 శాతానికి పైగా తగ్గాయి.

2025 జూలైలోనూ అదే మాట: కారు కొనాలన్న కోరిక జనంలో బాగా ఉంది, బ్యాంకు ఖాతాలో డబ్బే లేదు. ఆరేళ్ళ కిందటి జవాబు ఇంచుమించు పొల్లుపోకుండా తిరిగొచ్చింది. కొన్ని త్రైమాసికాలు ఇబ్బందిగా ఉండొచ్చని కూడా అప్పుడే ఒప్పుకున్నారు. అది మెచ్చుకోవాల్సిందే. మధ్యలో తిరిగొచ్చిన 7,500 డాలర్ల రాయితీ సెప్టెంబరు 30తో పూర్తిగా ముగిసింది. గడువు ముందు మూడు నెలల్లో రికార్డు స్థాయిలో 4,97,099 కార్లు. ఆ తర్వాత మూడు నెలల్లో 4,18,227. 2019లో జరిగిందే మళ్ళీ జరిగింది.

అయినా నవంబరులో వాటాదారులు 75 శాతానికి పైగా ఓట్లతో మస్క్‌కు లక్ష కోట్ల డాలర్ల దాకా వెళ్ళగల వేతన ప్యాకేజీని ఆమోదించారు. డిసెంబరులో షేరు రికార్డు ధర తాకింది. కార్ల లెక్క పాతదైపోయింది, ఇక చూడాల్సింది డ్రైవర్ లేకుండా నడిచే రోబోట్యాక్సీ, రోబో అన్నది వాళ్ళ వాదన. అయితే రోబోట్యాక్సీ మాట కూడా 2019 ఏప్రిల్‌లోనే వచ్చింది. మరుసటి ఏడాదికల్లా పది లక్షల కార్లు వాటంతటవే తిరుగుతాయన్నారు. ఆస్టిన్‌లో కొద్దిపాటి కార్లతో ఆ సర్వీసు మొదలైంది 2025 జూన్‌లో.

ఈసారి గుంత పూడ్చడానికి మిగిలిన పెద్ద మార్కెట్ మనదే. 2025 జూలైలో ముంబైలో షోరూము తెరిచి మోడల్ వై ధర దాదాపు 60 లక్షలుగా పెట్టారు. దిగుమతి సుంకం అంత ఉంది మరి. ఫ్యాక్టరీ ఇక్కడే కడితే సుంకం తగ్గిస్తామని 2024 మార్చిలో కేంద్రం విధానం తెచ్చింది. కనీసం 4,150 కోట్ల పెట్టుబడి పెట్టాలన్నది షరతు. ఏప్రిల్‌లో రావాల్సిన మస్క్ పనుల ఒత్తిడి అని పర్యటన వాయిదా వేసి, వారం తిరిగేసరికి చైనా వెళ్ళారు. టెస్లాకు ఇక్కడ షోరూములు తప్ప తయారీ మీద ఆసక్తి లేదని 2025 జూన్‌లో కేంద్రమంత్రి కుమారస్వామి తేల్చి చెప్పారు.

టెస్లా సొంత నివేదికల ప్రకారం ఉన్న ప్లాంట్ల సామర్థ్యం ఏడాదికి 23 లక్షల కార్లకు పైనే. అమ్మింది 16 లక్షలు. 2023లో ఘనంగా ప్రకటించిన మెక్సికో ఫ్యాక్టరీని మరుసటి ఏడాదే పక్కన పెట్టారు. అలాంటప్పుడు కొత్త ఫ్యాక్టరీ అనంతపురానికి వస్తుందని నిరుద్యోగ యువతను ఊరించడం న్యాయం కాదు. మరోపక్క ఎర్రమంచిలో కియా 2025లో కారెన్స్ క్లావిస్ ఈవీ తయారీ మొదలుపెట్టింది. ఈ నేల మీద విద్యుత్ కారు ఇప్పటికే తయారవుతోంది.

రేపు మళ్ళీ ఎవరైనా ఆస్టిన్ వెళ్ళి భూమి, నీరు, కరెంటు రాయితీల చిట్టా ముందు పెట్టేటప్పుడు, చేతిలో ఎన్ని ఆర్డర్లున్నాయో కూడా అడగాలి. మోడల్ 3 విషయంలో ఆ అంకెను కంపెనీ తన వాటాదారులకు చివరిసారి చెప్పింది 2018 జూలైలో.