పేపరు కర్ర: అపోహలు – వాస్తవాలు

వరంగల్ ప్రాంతంలోని ఒక పఠన మందిరంలో పత్రికల విభాగం చాలా ఏళ్లుగా నా చేతిలో ఉంది. ఉదయం తలుపు తీయగానే నేను చేసే మొదటి పని ఆ రోజు వచ్చిన పత్రికలను కర్రలకు ఎక్కించడం. పేపరు కర్ర అంటే రెండు సన్నని చెక్క బద్దలు. వాటిని ఒకదానికొకటి ఆనించి రెండు కొసల్లోనూ బోల్టు, వింగ్ నట్టు (రెక్కలున్న నట్టు) పెట్టి బిగిస్తాము. ఒక బద్ద కొస కొంత పొడవుగా ఉండి పిడిగా పనికివస్తుంది. పత్రిక మడత ఆ బద్దల మధ్య ఉంటుంది కనుక పాఠకుడు పిడి పట్టుకుని చదువుకుంటాడు, చదివాక స్టాండు మీద వేలాడదీస్తాడు. వియన్నా కాఫీ హోటళ్లలో ఇలా కర్రలకు ఎక్కించిన పత్రికలను అతిథులకు అందుబాటులో ఉంచడం పాత ఆచారం. హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1904లోనే వెలసిన ప్రాంతం మనది కనుక, ఊళ్లో ఒక పఠన మందిరం నడపాలన్న ఉత్సాహానికి ఇక్కడ ఇప్పటికీ కొదువ లేదు. అలా కొత్తగా మొదలుపెట్టేవారు ఈ కర్రల గురించి నాతో అనే మాటల్లో కొన్ని సరిదిద్దవలసినవి ఉన్నాయి.

అపోహ: పత్రికలు ఎవరూ ఎత్తుకుపోకుండా కర్ర పెడతారు.

వింగ్ నట్టు వేళ్లతోనే తిరుగుతుంది. పత్రిక తీసుకుపోవాలనుకున్న మనిషికి అర నిమిషం చాలు. కర్ర చేసే పని అది కాదు. దినపత్రికకు కుట్టు ఉండదు, జిగురు ఉండదు. నాలుగు పేజీల పెద్ద ఠావులను ఒకదానిలో ఒకటి చొప్పించి మడిచి పంపుతారు, అంతే. అంటే 16 పేజీల పత్రికలో నాలుగు విడి ఠావులు ఉంటాయి. ఒకరు క్రీడల పేజీ, ఇంకొకరు ఉద్యోగ ప్రకటనల పేజీ విడదీసుకుని చదివితే, మధ్యాహ్నానికి ఏ ఠావు ఏ పత్రికదో తెలియని స్థితి వస్తుంది. కర్ర ఆ వరుసను కాపాడుతుంది. దాన్ని తాళంగా భావించేవారే అవసరానికి మించి బిగించి, పత్రికనూ కర్రనూ పాడుచేస్తారు.

అపోహ: నట్టు ఎంత బిగిస్తే పట్టు అంత గట్టిగా ఉంటుంది.

నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన అపోహ ఇదే. పెద్ద సైజు పత్రిక నిలువు సుమారు 55 సెంటీమీటర్లు ఉంటుంది. బోల్టులు దానికి అవతల, కర్ర కొసల్లో ఉంటాయి. బద్దలు తిన్నగా ఉన్నప్పుడు నట్టు బిగించిన కొద్దీ కొసలు దగ్గరవుతాయి, బద్దలు విల్లులా వంగుతాయి, నడుమ సందు ఏర్పడుతుంది. అప్పుడు పత్రిక పైకొస, కిందికొస మాత్రమే నలుగుతూ బరువంతా మోస్తాయి. నడుమ పట్టు లేని లోపలి ఠావులు పేజీ తిప్పినప్పుడల్లా కొంచెం కొంచెంగా బయటికి జారుతాయి. జారిన ఠావును చూసి మళ్లీ నట్టు బిగిస్తే నడుమ సందు ఇంకా పెరుగుతుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కార్ఖానా నుంచి తెప్పించిన కర్రలన్నీ ఇలాంటివే. నెల రోజులు బిగించడమూ చిరగడమూ చూసిన తరువాత వాటిలో ఒకదాన్ని మా వీధిలోని పెద్ద వడ్రంగికి చూపించాను. ఆయన రెండు బద్దలను కలిపి వెలుతురుకు ఎత్తి చూసి, "బద్ద కడుపు జర ఎత్తుగుండాలె సారూ, గప్పుడే నడుమ పట్టు దొరుకుతది" అన్నాడు. లోపలి ముఖాన్ని నడుమ వదిలేసి, కొసల వైపు పోతున్న కొద్దీ ఎక్కువగా చిత్రిక పట్టి, కొసల్లో 2 మిల్లీమీటర్లు పలచన చేశాడు. ఇప్పుడు రెండు బద్దలను ఊరికే ఆనిస్తే నడుమ మాత్రమే తాకుతాయి, కొసల్లో సందు కనిపిస్తుంది. నట్టు తిప్పితే ఆ సందు మూసుకుంటూ ఒత్తిడి నడుమ నుంచి కొసల దాకా పరుచుకుంటుంది. వేళ్లతో తిప్పిన బిగువు సరిపోతుంది, పట్టుకారు అక్కరలేదు. మీ కర్ర ఎలా ఉందో తెలుసుకోవాలంటే, పత్రిక బిగించేటప్పుడే నడుమ ఒక వేలెడు వెడల్పు కాగితపు చీలిక పెట్టి లాగి చూడండి. అది ఊడివస్తే బద్దలను చిత్రిక పట్టించవలసిందే.

అపోహ: మడత దగ్గర రెండు పిన్నులు కొట్టినా, దారంతో కుట్టినా ఇదే పని జరుగుతుంది.

పాత పత్రిక ఒకటి తీసుకుని పై నుంచి కిందికి చించండి, తిన్నగా చిరుగుతుంది. అడ్డంగా చించండి, వంకర టింకరగా పోతుంది. కాగితం తయారయ్యేటప్పుడు గుజ్జులోని నార ఎక్కువగా యంత్రం నడిచే దిశలోనే పరుచుకుంటుంది. ముద్రణ యంత్రంలో ఆ కాగితపు చుట్ట పేజీ నిలువు దిశలోనే నడుస్తుంది కనుక, పెద్ద సైజు పత్రికలో నార వాటం నిలువుగా, అంటే మడతకు సమాంతరంగా ఉంటుంది. పిన్ను చేసిన చిన్న రంధ్రం దగ్గర మొదలైన చిరుగు ఆ వాటం వెంట మడత పొడవునా పరుగెత్తడానికి కారణం ఇదే. న్యూస్ ప్రింటు చదరపు మీటరుకు దాదాపు 45 గ్రాములు మాత్రమే తూగే పలచని కాగితం. ఒకటి రెండు చోట్ల పడే బరువును అది మోయలేదు. మడత పొడవునా పరిచిన బరువును తేలికగా మోస్తుంది.

బద్దల అంచు పదునుగా ఉన్నా ఇదే ముప్పు. మే నెలలో మా గదిలో పంకాలన్నీ పూర్తి వేగంతో తిరుగుతుంటాయి. వేలాడే పేజీలు రెపరెపలాడుతూ రోజంతా అదే అంచు మీద ముందుకూ వెనక్కూ మడుచుకుంటాయి. అందుకని అంచులను గుండ్రంగా తీయించి, వేలు పెట్టి నిమిరితే ఎక్కడా గీర తగలనంత వరకు గరుకు కాగితంతో రుద్దించాలి.

జిల్లా ఎడిషన్‌గా వచ్చే చిన్న సైజు పత్రికలో వాటం తిరగబడుతుంది. పెద్ద పేజీని అడ్డంగా మడిచినందువల్ల నార మడతకు అడ్డంగా నిలుస్తుంది. దాన్ని పెద్ద కర్రకు ఎక్కించవలసి వస్తే సరిగ్గా నడుమ పెట్టాలి, ఒక కొసకు జరిపితే బద్దలు ఏటవాలుగా మూసుకుంటాయి. వీలుంటే చిన్న కర్ర వేరుగా చేయించడం మేలు.

అపోహ: ఇనుపదైతే కలకాలం ఉంటుంది.

వానాకాలం తేమకు తుప్పు పట్టి ఆ మరక పత్రికకు అంటుతుంది. బాగా ఆరిన టేకు బద్దలు, ఇత్తడి నట్లు చాలు.

అపోహ: ఉర్దూ పత్రికలకు వేరే రకం కర్ర కావాలి.

మన జిల్లాల్లో తెలుగు పత్రికల పక్కనే ఉర్దూ పత్రికలు లేని పఠన మందిరం నాకు అసంపూర్ణంగా కనిపిస్తుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు చదివే లిపి కనుక ఆ పత్రిక మడత కుడి వైపున ఉంటుంది. తెలుగు పత్రికలో మడత ఎడమన ఉంటుంది కనుక ఎడమ చేత్తో పిడి పట్టుకుని కుడి చేత్తో పేజీ తిప్పుతాము; ఉర్దూ పత్రికకు చేతులు మారుతాయి. రెండిటిలోనూ పిడి పేజీ కింది వైపుకే రావాలి. స్టాండు మీద కర్ర అడ్డంగా ఉన్నప్పుడు పత్రిక పేరు పక్కకు తిరిగి చదవడానికి వీలుండదు కాబట్టి, పిడి మీద పేరు చీటీ అతికించండి. ఉర్దూ పత్రిక పేరు ఉర్దూలోనే రాయించండి. ఆ పత్రిక కోసం వచ్చే పెద్దమనిషి ఒక్కొక్క కర్రా తిప్పి చూసుకోవలసిన అవసరం ఉండదు.

అపోహ: కర్రకే ఉంచితే పాత పత్రికలు చెడిపోకుండా ఉంటాయి.

న్యూస్ ప్రింటులో చెక్క గుజ్జుతో పాటు మిగిలిపోయే లిగ్నిన్ అనే పదార్థం వెలుతురు, గాలి తగిలి పసుపుపచ్చగా మారుతుంది, కాగితం పెళుసెక్కుతుంది. వేలాడే పత్రికకు ఆ రెండూ అన్ని వైపులనుంచీ తగులుతాయి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు రెండు మూడు నెలల నాటి సంచికలు అడుగుతుంటారు కాబట్టి మేము మరుసటి ఉదయమే పత్రికను కర్ర నుంచి దించి, ఠావులు సరిచేసి, తేదీ వరుసలో బీరువాలో బల్లపరుపుగా పేర్చుతాము. దించేటప్పుడు రెండు నట్లూ సమంగా వదులు చేసి, బద్దను పైకి ఎత్తి పత్రికను తీయాలి. ఒక నట్టు మాత్రమే విప్పి పక్కకు లాగితే రోజంతా చిరగని మడత ఆ ఒక్క లాగుడుకు చిరుగుతుంది.