గనిలో మిషన్ల ఎంపిక: అపోహలు - వాస్తవాలు

గరివిడి పక్క మాంగనీసు గనుల్లో చేశాను, ఇప్పుడు టెక్కలి గ్రానైట్ క్వారీల్లో ఉన్నాను. కొత్తగా లీజుకి తీసుకున్నవాళ్లు ముందు అడిగేది "ఏ మిషను కొనమంటారు?" అని. నేల చూడకుండా ఏం చెప్పను?

అపోహ: నేల మెత్తగా ఉంటే పని తేలిక.

వాస్తవం: తవ్వడం తేలికే, నిలబెట్టడమే కష్టం. గరివిడి చుట్టూ ఖోండలైటు రాయి శిథిలమై సుద్దలా మారింది. ఎండాకాలంలో మందు పేల్చకుండానే ప్రొక్లెయిన్ బకెట్టుతో గీకేస్తాం. రెండు వానలు పడ్డాయంటే అదే సుద్ద సబ్బులా జారుతుంది. ఓ జూలైలో బెంచి (గనిలో మెట్టులా తవ్విన అంచె) అంచుకి రెండు మీటర్ల వెనక వెంట్రుకంత చీలిక కనబడింది. చెరో పక్క మేకు కొట్టి దూరం కొలిచి పెట్టాం. సాయంత్రానికి అది వేలెడు పెరిగింది. "బండి ఎనక్కి లాగీ బావూ" అని మేటు అరిచాడు. తెల్లారేసరికి ఆ అంచు మొత్తం కిందికి దిగిపోయింది. మట్టి, గ్రావెలు లాంటి నేలలో వాలు 45 డిగ్రీలు దాటకూడదనీ, లేదంటే 1.5 మీటర్లకు మించని బెంచీలు ఉండాలనీ 1961 నాటి లోహ గనుల నిబంధనలు ఊరికే పెట్టలేదు. అంతకు మించాలంటే అనుమతి ఉండాల్సిందే. బూము (ప్రొక్లెయిన్ చెయ్యి) అందుతుంది కదాని నిట్టనిలువు గోడలా తవ్వేయకండి.

అపోహ: బకెట్టు పెద్దదైతే ఖర్చు తగ్గుతుంది.

వాస్తవం: ఇక్కడి మాంగనీసు చాపలా పరుచుకుని ఉండదు. మడతలు పడి, ముద్దలుగా సుద్దలో ఇరుక్కుని ఉంటుంది. పెద్ద బకెట్టు రెండిటినీ కలిపి ఎత్తుతుంది, గ్రేడు (ఖనిజం నాణ్యత) పడిపోతుంది.

అపోహ: పైకప్పు ఎంత గట్టిదైతే లాంగ్‌వాల్‌కి (భూగర్భంలో పొడవాటి బొగ్గు గోడను మిషనుతో కోసుకుంటూ పోయే పద్ధతికి) అంత మంచిది.

వాస్తవం: మన దగ్గర బొగ్గు లేదు గానీ, సింగరేణి వైపు చూసే డిప్లొమా కుర్రాళ్లు అడుగుతుంటారు. లాంగ్‌వాల్‌లో మిషను ముందుకు జరిగేకొద్దీ వెనక కప్పు కూలుతూ ఉండాలి. కూలకుండా వేలాడితే ఆ బరువంతా ఒక్కసారే షీల్డుల (కప్పుని మోసే ఇనుప ఆధారాల) మీద పడుతుంది. 1990లో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని చర్చా గనిలో షీల్డులు దెబ్బతిన్నది పైనున్న గట్టి డోలరైటు పొర వల్లే.

అపోహ: గట్టి రాయి అంటే బ్లాస్టింగే.

వాస్తవం: కంకరకైతే సరే. టెక్కలి నీలి గ్రానైట్లో మనం అమ్మేది దిమ్మ. పేలుడికి పడ్డ సన్న పగుళ్లు పాలిష్ పట్టాక బయటపడతాయి. అందుకే నిలువు బెజ్జాన్నీ అడ్డ బెజ్జాన్నీ లోపల కలిపి, వజ్రపు పూసల తీగ దూర్చి, నీళ్లు పోస్తూ కోస్తాం. అంతకుముందు బండంతా తడుపుతాను. పైతడి ఆరిపోయినా పగులున్నచోట కాసేపు నల్లటి గీత నిలుస్తుంది. ఆ గీతలన్నిటికీ సుద్దముక్కతో గుర్తు పెట్టాకే వైర్‌సా (ఆ తీగతో కోసే మిషను) ఎక్కడ దించాలో చెబుతాను.